నా డబ్బు ఎవరి దగ్గర ఉంది, నా వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

(హనుమకొండలో జరిగిన ఒక పాఠకుల సమావేశంలో విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో శ్రమ తీసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నేను ముప్పై మూడేళ్లు బ్యాంకు ఉద్యోగం చేశాను. పరకాలలో, నర్సంపేటలో, జనగామలో, చివరి ఆరేళ్లు వరంగల్‌లో. కౌంటరు అవతల నిలబడిన మనుషుల ముఖాలు చూస్తూ గడిచిన జీవితం నాది. అందుకే ఈ రోజు నేను చెప్పేది యంత్రాల గురించి కంటే మనుషుల గురించే ఎక్కువగా ఉంటుంది.

నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు ఒకటే అడిగారు. "ఫోనులో పైసలు పంపే ఈ యాప్‌లను నమ్మొచ్చా, నమ్మకూడదా సార్?" అని. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేనన్నాను. ఎందుకంటే ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. నా డబ్బు ఎవరి దగ్గర ఉంది? ఇది ఒకటి. నా వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఇది రెండోది. మనలో చాలామంది మొదటిదాని గురించి భయపడతారు, రెండోదాన్ని పట్టించుకోరు. నా అనుభవం వేరుగా చెబుతోంది. డబ్బును కాపాడే ఏర్పాటు ఈ దేశంలో చాలావరకు గట్టిగానే ఉంది. వివరాలను కాపాడే ఏర్పాటు ఇంకా బలహీనంగానే ఉంది. దొంగ ఆ బలహీనమైన వైపు నుంచి లోపలికి వచ్చి, గట్టిగా ఉన్న వైపు తలుపును మన చేతనే తీయిస్తున్నాడు. ఈ మాటనే కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

నమ్మకం మనకు కొత్త కాదు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దింపిన రైతు ఆడ్తిదారును నమ్ముతాడు, కాంటా పెట్టే దడ్వాయిని నమ్ముతాడు. కానీ అది గుడ్డి నమ్మకం కాదు. బస్తా కాంటా మీద ఉన్నంతసేపు పక్కనే నిలబడి అంకె చూస్తాడు. అమ్మకం లెక్క రాసిన చీటీ, అదే తక్‌పట్టీ, చేతికి వచ్చాక తూకం ఎంత, ధర ఎంత, హమాలీ కింద ఎంత పోయింది అని ఒక్కో వరుస చదువుకుంటాడు. చదువు రాకపోతే పక్కవాడితో చదివించుకుంటాడు. లెక్కలో తేడా వస్తే మార్కెట్ కమిటీ ఆఫీసు ఎటు ఉందో అతనికి తెలుసు. అంటే అతను మనిషిని నమ్ముతూనే మూడు సంగతులు తెలుసుకుని నమ్ముతున్నాడు. నా సరుకు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? దానికి రాతపూర్వకంగా ఉన్నది ఏది? తేడా వస్తే జవాబు చెప్పవలసింది ఎవరు? ఈ మూడూ ఫోను విషయంలో మనం అడుగుతున్నామా? అదే రైతు బ్యాంకుకు వచ్చి, ఎవరో తెలియని కుర్రవాడి చేతికి ఫోను ఇచ్చి, "నా పిన్ ఇది బిడ్డా, నువ్వే కొట్టు" అని నలుగురిలో గట్టిగా చెప్పడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కాంటా దగ్గర ఉన్న జాగ్రత్త అక్కడ ఎందుకు లేదు? అతను తెలివి తక్కువవాడు కాదు కదా. కాంటా అతనికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. అంతే తేడా. కాబట్టి కనిపించని దాన్ని కనిపించేలా చెప్పడమే ఈ రోజు నా పని.

మీరు చౌరస్తాలో చాయ్ తాగి పదిహేను రూపాయలు పంపారనుకోండి. దుకాణంలోని డబ్బా "పదిహేను రూపాయలు వచ్చాయి" అని పలికింది. ఈ రెండు మూడు సెకన్లలో ఏం జరిగింది? మీరు వాడిన యాప్ మీ డబ్బును ముట్టుకోలేదు. మళ్లీ చెబుతున్నాను, ముట్టుకోలేదు. ఫోన్‌పే అయినా, గూగుల్ పే అయినా, మీ ఖాతాలోని డబ్బు వాళ్ల దగ్గర ఉండదు. మీ బ్యాంకులోనే ఉంటుంది. యాప్ చేసేది చీటీ మోయడం. ఫలానా ఖాతాలోంచి ఫలానా వ్యక్తికి పదిహేను రూపాయలు ఇవ్వండి అన్న చీటీని అది తనతో ఒప్పందం ఉన్న బ్యాంకు ద్వారా ఎన్‌పీసీఐకి, అంటే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు చేరుస్తుంది. ఎన్‌పీసీఐ మీ బ్యాంకును పదిహేను తగ్గించమంటుంది, చాయ్ దుకాణం బ్యాంకును పదిహేను కలపమంటుంది. ఈ సంస్థ రిజర్వు బ్యాంకు, భారతీయ బ్యాంకుల సంఘం చొరవతో 2008లో ఏర్పడింది. చీటీలు ఇలా నడిచే ఈ పద్ధతి పేరే యూపీఐ, అది 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 2025 ఆగస్టులో ఆ ఒక్క నెల లావాదేవీలే 2,000 కోట్లు దాటాయి.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. మీ ఫోనులో పిన్ నొక్కే పేజీ వస్తుంది కదా, దాన్ని ఎప్పుడైనా నిదానంగా చూశారా? ఎవరూ చూడరు, నాలుగంకెలు టకటకా కొట్టేస్తారు. యాప్ ఏదైనా ఆ పేజీ మాత్రం ఒకే తీరుగా ఉంటుంది. ఎందుకంటే అది యాప్ కంపెనీ తయారు చేసింది కాదు, ఎన్‌పీసీఐ తయారు చేసి అన్ని యాప్‌లలోనూ పెట్టించింది. మీరు నొక్కిన పిన్ అక్కడికక్కడే సంకేతాల్లోకి మారి మీ బ్యాంకుకు పోతుంది, మధ్యలో యాప్ కంపెనీ దాన్ని చదవలేదు. ఆ పేజీ పైభాగంలో మీ బ్యాంకు పేరు, కింద ఎవరికి, ఎంత అన్నది రాసి ఉంటుంది. అదే మన తక్‌పట్టీ. కాంటా మీద అంకె అదే. ఆ రెండు వరుసలు చదివాకే వేలు పెట్టండి. ఇంకొక మాట. పిన్ అడిగేది డబ్బు మీ ఖాతాలోంచి పోవడానికి, గడువుకు దానంతట అదే కోత పడే ఆటోపే లాంటి వాటికి ఒప్పుకోవడానికి, లేదా బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పైసలు పంపుతున్నాం, పిన్ కొట్టి తీసుకోండి అని ఎవరన్నా చెబితే ఆ మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది. ఈ పేరుతో ఎంత మోసం జరిగిందంటే, ఒక వ్యక్తి ఇంకో వ్యక్తిని డబ్బు అడుగుతూ పంపే 'కలెక్ట్' అభ్యర్థనలనే 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపించింది.

మరి డబ్బు నిజంగా కంపెనీ దగ్గరే ఉండే సందర్భం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. యాప్‌లోనే ఉండే పర్సు లాంటి వాలెట్‌లో ముందుగా వేసుకున్న డబ్బు అలాంటిది. దాన్ని ఆ కంపెనీ ఒక బ్యాంకులో, తన సొంతానికి వాడకుండా విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో పెట్టాలన్న నిబంధన ఉంది కానీ, దాని మీద మీకు వడ్డీ రాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు ఐదు లక్షల బీమా మీ పేరున దానికి ఉందని అనుకోకూడదు. మీ బ్యాంకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి ఐదు లక్షల దాకా ఆ బీమా ఉంది. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఈ తేడా తెలియకనే మన ఊళ్లో కిరాణా దుకాణాల వాళ్లంతా కంగారు పడ్డారు. ఆంక్షలు పెట్టింది ఆ బ్యాంకు మీద, అందులోని ఖాతాల మీద, వాలెట్ల మీద. ఆ పేరుతో ఉన్న యాప్ తర్వాత వేరే బ్యాంకుల ద్వారా యూపీఐ నడిపించుకుంది. యాప్ వేరు, బ్యాంకు వేరు. పేరు ఒకటే కావచ్చు, జవాబుదారీ వేరు. వాలెట్‌లో నెల ఖర్చుకు మించి ఉంచకండి అని నేను మా ఇంట్లో చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను.

ఇక డబ్బు పోయింది, అవతలికి చేరలేదు. ఇది అందరికీ జరిగేదే. అప్పుడు ఏం చేయాలి? చాలా సందర్భాల్లో ఏమీ చేయనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీరు ఒక వ్యక్తికి పంపిన డబ్బు మీ ఖాతాలో కోత పడి అతనికి చేరకపోతే మరుసటి రోజులోగా దానంతట అదే వెనక్కి రావాలి. దుకాణానికో సంస్థకో చెల్లించినదైతే ఐదు రోజుల్లోగా రావాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి, అది కూడా మీరు అడగకుండానే. ఈ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తమంటే నాలుగైదు చేతులు లేచాయి. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే మా చిన్నక్కకు ఆ కష్టం వచ్చేది కాదు.

మా చిన్నక్క ముప్పై ఏళ్లు హైస్కూలులో లెక్కలు చెప్పిన టీచరు. ఆమె అనుమతితోనే ఈ సంగతి మీకు చెబుతున్నాను. నలుగురికీ చెప్పమని ఆమే అన్నది. ఒకరోజు పొద్దున ఆమె గ్యాస్ బండకు తొమ్మిది వందల పైచిలుకు ఫోనులో కట్టింది. డబ్బు కోత పడింది, బుకింగ్ కాలేదు. ఫోనులోనే వెతికి కస్టమర్ కేర్ అని ఉన్న ఒక నంబరుకు చేసింది. ఎత్తినవాడు తెలుగులో చాలా మర్యాదగా మాట్లాడాడు. రెండు నిమిషాల్లో నేనే చేస్తానమ్మా అని పెట్టేశాడు. మళ్లీ చేసినప్పుడు ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా పలికాడు. ఆమె నమ్మింది అక్కడే. "నా పేరు నేను చెప్పలేదు కదరా తమ్ముడూ, వాళ్ల దగ్గర రికార్డులో ఉంది కాబట్టే తెలిసింది అనుకున్నాను" అన్నది నాతో.

ఆ పేరు అతనికి ఎలా తెలిసింది? మీ ఫోను తీసి ఇప్పుడే చూడండి. ఏదో ఒక యాప్‌లో డబ్బు పంపే చోట మీ పక్కనున్న వారి నంబరు కొట్టండి. కొట్టారా? పేరు వచ్చిందా? బ్యాంకులో ఉన్న పేరు ఉన్నట్టుగా వచ్చింది. ఎవరికి పంపుతున్నామో పంపేవారికి స్పష్టంగా తెలియాలని, ఆ పేరు బ్యాంకు రికార్డులో ఉన్నట్టే చూపాలని నిబంధన కూడా తెచ్చారు, అది మన మంచికే. కానీ మన మంచికి పెట్టినదే దొంగకు పరిచయ పత్రమైంది. ఆ రెండు నిమిషాల్లో అతను చేసిన పని అంతే. నంబరు కొట్టాడు, పేరు చదివాడు.

తర్వాత జరిగింది వినండి. మీ రీఫండ్ ఫారం నింపాలి, స్క్రీను నాకు కనిపించాలి అని ఒక యాప్ వేయించాడు. పేమెంట్ యాప్ తెరిపించి, మీ కంప్లయింట్ కోడ్ 48716, ఆ గడిలో కొట్టండమ్మా అన్నాడు. ఆమె కొట్టింది. ఆ గడి ఏది? ఎంత డబ్బు పంపాలి అని రాసే గడి. పిన్ కొట్టమన్నాడు, కొట్టింది. నలభై ఎనిమిది వేల ఏడు వందల పదహారు రూపాయలు పోయాయి. కోడ్ తప్పు పడింది, ఇంకొకటి కొట్టండి అన్నాడు. రెండోసారి ముప్పై తొమ్మిది వేలు పోయాయి. లెక్కలు చెప్పిన మనిషికి అంకె కనిపించలేదా? కనిపించింది. కానీ అవతలివాడు ఆమె పేరు తెలిసినవాడు, ఆమె కష్టం తెలిసినవాడు, అమ్మా అని పిలిచేవాడు. అందుకని ఆ అంకె ఆమెకు డబ్బుగా కనిపించలేదు. మోసపోయిన వారిని చూసి, చదువుకుని కూడా ఇంత అమాయకమా అనే వాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ అరగంటలో మీరున్నా అదే చేసేవారు. ఇక ఆ గ్యాస్ డబ్బు ఏమైంది? మూడో రోజున దానంతట అదే ఆమె ఖాతాకు తిరిగి వచ్చింది.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ దయచేసి శ్రద్ధగా వినండి, ఎందుకంటే మా బ్యాంకు వాళ్లు కూడా దీన్ని కౌంటరు దగ్గర సరిగా చెప్పరు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఒకటుంది. మీ ప్రమేయం లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా, వ్యవస్థలో ఎక్కడో జరిగిన లోపం వల్ల మీ డబ్బు పోతే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా మీరు ఫిర్యాదు చేస్తే మీ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే మీ మీద పడే భారానికి పరిమితి ఉంది. మామూలు సేవింగ్స్ ఖాతాకు అది పదివేలు, జీరో బ్యాలెన్స్ ఖాతాకు ఐదువేలు. తప్పు బ్యాంకుదే అయితే మీరు ఎప్పుడు చెప్పినా మీకు నష్టం ఉండకూడదు. ఫిర్యాదు చేసిన పది పనిదినాల్లోగా ఆ మొత్తాన్ని తాత్కాలికంగానైనా మీ ఖాతాలో వేయాలి. కానీ ఇదే ఆదేశంలో ఇంకొక వరుస ఉంది. ఖాతాదారే తన రహస్య వివరాలు ఇతరులకు చెప్పడం లాంటి నిర్లక్ష్యం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు చెప్పేంతవరకు పోయినదంతా ఖాతాదారుదే. చెప్పిన తర్వాత కూడా పోతే అది బ్యాంకుది.

అర్థమైంది కదా? దొంగకు కూడా ఈ వరుస తెలుసు. అందుకే అతను తాళం పగలగొట్టడు. మన వేలితో మన పిన్ కొట్టిస్తాడు, అప్పుడు ఆ లావాదేవీ మనం స్వయంగా చేసినదిగా రికార్డు అవుతుంది. దీన్ని నిర్లక్ష్యం అనడం నాకు మనసొప్పదు. ఒక మనిషిని భయపెట్టి, మభ్యపెట్టి చేయించిన పనిని ఆమె ఇష్టపూర్వకంగా చేసిన పనితో సమానంగా చూడటం న్యాయం కాదని సర్వీసులో ఉన్నప్పుడూ పైవాళ్లకు రాశాను, ఇప్పుడూ అంటాను. కానీ నిబంధన మారేదాకా మనం ఈ నిబంధన కిందే బతకాలి.

ఇక వివరాల సంగతి. యూపీఐ చెల్లింపు మీద దుకాణదారు నుంచి వసూలు చేసే ఛార్జీని 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వం తీసేసింది. మనకూ ఉచితం, దుకాణానికీ ఉచితం. మరి ఈ కంపెనీలు ఎలా బతుకుతున్నాయి? మనకు అప్పులు ఇప్పించి, బీమా అమ్మి, బంగారం అమ్మి, ప్రకటనలు చూపించి. అది తప్పని నేను అనడం లేదు. కానీ ఎవరికి అప్పు అవసరం, ఎవరు తీర్చగలరు అన్నది వాళ్లకు తెలియాలి. దేనివల్ల తెలుస్తుంది? మన చెల్లింపుల వల్ల.

మొన్న నేను నా ఖాతా స్టేట్‌మెంటు ఒక నెలది ముద్రించి, అది వేరే ఎవరిదో అనుకుని చదివాను. మీరూ ఒకసారి అలా చదవండి. ప్రతి నెల ఐదో తేదీన ఎంజీఎం ఆసుపత్రి ఎదురుగా ఒకే మందుల దుకాణం, ఒకే మొత్తం. అంటే ఈయనకు రోజూ మాత్రలు వేసుకునే జబ్బు ఉంది. ఒక రక్త పరీక్షల కేంద్రం. భద్రకాళి గుడి దగ్గర పూలకు నలభై, ప్రతి శుక్రవారం ఏడు గంటల ప్రాంతంలో. అంటే ఆ సమయంలో ఇంట్లో ఉండడు. కాజీపేటలో రైలు టికెట్టు, హైదరాబాదులో ఒక హాస్టలు ఫీజు. ఎవరో పిల్లలు అక్కడ చదువుతున్నారు. పింఛను పడే తేదీ. మా ఇంటికి రోజూ వచ్చిపోయే మనిషికి కూడా ఇన్ని సంగతులు తెలియవు. ఈ కాగితం ఒక మోసగాడి చేతిలో ఉందనుకోండి. మీ మనవరాలి హాస్టలు నుంచి మాట్లాడుతున్నాం అని ఫోను చేస్తే నేను నమ్మనా? నమ్ముతాను. మన వివరం అవతలివాడి నోట వినగానే నమ్మడం మన స్వభావం, ఎందుకంటే మన ఊళ్లలో మన సంగతి తెలిసినవాడంటే మనవాడే. ఆ రోజులు పోయాయి. మన సంగతి తెలిసినంత మాత్రాన మనవాడు కాడు.

లోన్ యాప్‌లలో జరిగింది ఇదే. 2020 చివర్లో మన రాష్ట్రంలో ఆ యాప్‌ల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లను చంపింది బాకీ కాదు. ఐదువేల అప్పు కోసం యాప్ వేసుకున్నప్పుడు అనుమతి ఇచ్చిన కాంటాక్టులు, ఫొటోలు. అత్తగారికి, ఆఫీసు వాళ్లకు, చిన్ననాటి స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్లు ముట్టుకోకూడదని ఆదేశించింది. యాప్ వేసుకునేటప్పుడు 'అనుమతించు' అని అడుగుతుంది చూడండి, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. పేమెంట్ యాప్‌కు మొదట మీ సిమ్‌ను సరిచూసుకోవడానికి మెసేజి అనుమతి కావాలి, అది న్యాయమే. కాంటాక్టులు లేకపోయినా అది పనిచేస్తుంది. మైకు ఎందుకు?

మాట ద్వారా, ఫోను ద్వారా పోయే వివరాలు ఒక ఎత్తు, వేలిముద్ర ఒక ఎత్తు. ఊళ్లల్లో పింఛను, ఉపాధి కూలి డబ్బులు వేలిముద్ర పెట్టి తీసుకుంటారు. పిన్ పోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోగలమా? 2018లో మన పెద్దపల్లి జిల్లాలోనే ఒక సిమ్‌కార్డుల దుకాణదారు, వెబ్‌సైట్‌లో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి జనం వేలిముద్రలు తీసి, వాటిని రబ్బరు ముద్రలుగా చేసి, వేల సిమ్‌కార్డులను ఆ ముద్రలతో యాక్టివేట్ చేశాడు. భూమి అమ్మినవాడు, కొన్నవాడు పెట్టిన వేలిముద్ర అది. సర్కారు కాగితం మీద పెట్టింది. వాళ్ల తప్పు ఏముంది? ఏమీ లేదు. అందుకే ఆధార్ బయోమెట్రిక్‌కు, అంటే అందులోని మీ వేలిముద్రల లాంటి గుర్తులకు, తాళం వేసుకోండి. ఆధార్ యాప్‌లో ఆ సౌకర్యం ఉంది. 1947కు ఫోను చేసినా చెబుతారు. తాళం ఉన్నంతసేపు మీ వేలిముద్రతో ఎవరూ డబ్బు తీయలేరు, అవసరమైనప్పుడు ఆ తాళం మీరే తీసుకోవచ్చు. వేలిముద్ర మీదే ఆధారపడిన ముసలివాళ్లకు మాత్రం ఒక మాట చెప్పండి. మిషను మీద "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే, పడలేదన్న చీటీ అడిగి తీసుకున్నాకే మళ్లీ వేలు పెట్టాలి.

చట్టం లేదా అంటే, వచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆరేళ్ల తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించారు, అందులోని ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. మీ సమ్మతి అడిగే పత్రం తెలుగులో ఇమ్మని అడిగే హక్కు ఆ చట్టంలో ఉంది. అడగండి. ఎవరూ అడగకపోతే తెలుగులో ఎవరూ ఇవ్వరు.

అక్కడ వెనక వరుసలో కూర్చున్న అమ్మ ఏదో అడుగుతున్నారు. "డబ్బు పోయిందని తెలిసిన వెంటనే మొదట బ్యాంకుకా, పోలీసులకా?" మంచి ప్రశ్న. మొదట 1930. అది ఆర్థిక మోసాల కోసం పెట్టిన నంబరు. బ్యాంకు దూరంలో ఉంటే ఆటో ఎక్కే ముందు 1930కి చేయండి. ఎందుకంటే దొంగ ఖాతాలో పడిన డబ్బు అక్కడ ఉండదు, నిమిషాల్లో రెండో ఖాతాకు, అక్కడి నుంచి పది ఖాతాలకు పోతుంది. మన ఫిర్యాదు దాని వెనక పరుగెత్తి, ఎక్కడ దొరికితే అక్కడ ఆపాలి. వాళ్లు అడిగేవి దగ్గర పెట్టుకోండి: మీ ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, లావాదేవీ వివరాల్లో కనిపించే పన్నెండంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. పైన చెప్పిన మూడు పనిదినాల లెక్కకు మీ దగ్గర ఉండే రుజువు అదే. ముప్పై రోజుల్లో బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి ఖర్చు లేదు. మా అక్క కొడుకు రెండు గంటల తర్వాత 1930కి చేశాడు. మొదటి మొత్తం అప్పటికే జారిపోయింది. రెండోది ఒక ఖాతాలో ఆగింది. ఆగిన డబ్బు అప్పట్లో కోర్టు ఉత్తర్వుతోనే రావలసి ఉండేది. మన రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవల సంస్థ కలిసి అలాంటి డబ్బును లోక్ అదాలత్ ద్వారా ఇప్పిస్తున్నారు కాబట్టి ఏడు నెలల్లో ఆమెకు ముప్పై తొమ్మిది వేలు తిరిగి వచ్చాయి.

ఆ డబ్బు జారిపోయిన ఖాతాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇక్కడ విద్యార్థులు కూర్చున్నారు కాబట్టి. ఆ ఖాతాలు దొంగవి కావు. కమీషన్‌కు ఆశపడి ఖాతా, సిమ్ అద్దెకిచ్చిన పిల్లలవి. మా అక్క డబ్బు ఆగిన ఖాతా కూడా ఇంకో జిల్లాలో ఇంజినీరింగు చదివే అబ్బాయిదని పోలీసులు చెప్పారు. ఒక్కసారి కేసులో పేరు వస్తే ఆ పిల్లవాడి పాస్‌పోర్టు, ఉద్యోగం ఏమవుతాయి? గల్ఫ్‌కు పోవాలనుకునే పిల్లలు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? ఖాతా అద్దెకివ్వడం అంటే సంతకం అద్దెకివ్వడమే నాయనా. ఇవ్వకండి.

ఇంకొకరు అడుగుతున్నారు, బ్యాంకు నుంచే ఫోను వచ్చిందని ఎలా తెలుసుకోవాలని. బ్యాంకుల సేవా సంబంధమైన కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. బ్యాంకుల వెబ్‌సైట్ల పేర్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగియాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. అయినా నేను చెప్పే పద్ధతి ఇంకా సులువు. వచ్చిన ఫోను పెట్టేయండి. మీ కార్డు వెనక ముద్రించిన నంబరుకు మీరే చేయండి. నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు. ఏ బ్యాంకు ఉద్యోగీ ఫోను పెట్టేశారని కోప్పడడు. పెట్టేయకండి, లైన్లోనే ఉండండి అని ఎవరు బతిమాలినా బెదిరించినా అతను బ్యాంకు వాడూ కాదు, పోలీసూ కాదు. ఫోనులోనే మిమ్మల్ని అరెస్టు చేశామని బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు.

సమయం అయిపోయిందని అధ్యక్షులు చెబుతున్నారు. చివరగా ఒక పని. ఈ గది బయట కుడివైపు బల్ల దగ్గర ఇంకో గంటసేపు నేను కూర్చుంటాను. బ్యాంకుకు ఇవ్వవలసిన ఫిర్యాదు పత్రం తెలుగులో రాసి జిరాక్సులు తెచ్చాను, తలా ఒకటి తీసుకోండి. బయోమెట్రిక్ తాళం వేసుకోవాలన్నా, ఏ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చారో చూసుకోవాలన్నా రండి. ఎక్కడ నొక్కాలో చెబుతాను, మీరే నొక్కండి. ఫోను మాత్రం మీ చేతిలోనే ఉండనివ్వండి. నేను ఇమ్మన్నా ఇవ్వకండి.